సాగరజీవుల ఆరోగ్యశాల

సెలవుదినాన సముద్రతీరానికి విహారయాత్ర వెళ్ళటం అందరికీ ప్రీతికరమైన విషయం. అలలతో ఆడుకొని, ఇసుకగూళ్ళు కట్టుకొని, చీకటి పడేవేళకు ఇల్లు చేరటంతో ఆ యాత్ర ముగుస్తుంది. కాని ఆ అలల అడుగున మనవలెనే గాలి పీల్చే ప్రాణులు, పిల్లలకు పాలిచ్చే ప్రాణులు, గాయపడితే బాధతో విలవిలలాడే ప్రాణులు ఉన్నాయన్న స్పృహ కొద్దిమందికే కలుగుతుంది. విహారంలో భాగంగానే ఆ స్పృహను కలిగించే సంస్థలు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. వాటిలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానికి చెందిన క్లియర్‌వాటర్ మెరైన్ అక్వేరియం పేర్కొనదగినది.

ఫ్లోరిడా పడమటి తీరాన, మెక్సికో సింధుశాఖ ఒడ్డున క్లియర్‌వాటర్ నగరం ఉంది. నగరానికి ఎదురుగా సన్నని దీవిపై తెల్లని ఇసుకతో మెరిసే సముద్రతీరం ఉంది. నగరం నుండి ఆ తీరానికి పోయే దారిలోనే అక్వేరియం ఉండటం వల్ల, పూట అక్కడ, పూట తీరంలో గడిపి ఒక్కరోజులో రెండింటినీ చూడటం కుటుంబాలకు సులభం. ఈ సంస్థ 1972లో ఏర్పడింది. మూతపడిన మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని 1978లో నగరపాలకులు దానికి విరాళంగా ఇచ్చారు. ఒకనాడు మురుగునీరు నిలిచిన తొట్లు ఆ విధంగా సముద్రజీవులను కాపాడే కొలనులుగా మారాయి.

అక్వేరియం అనగానే రంగురంగుల చేపలను అద్దాల వెనుక ప్రదర్శించే వినోదశాల మనకు స్ఫురిస్తుంది. ఇది ప్రధానంగా ఆరోగ్యశాల. రక్షించటం, చికిత్స చేయటం, తిరిగి సముద్రంలో విడిచిపెట్టటం అనే మూడు పనులు దీని ఆశయాలు. మూడవ పని నెరవేరినప్పుడే మొదటి రెండింటికీ సార్థకత. మామూలు ప్రదర్శనశాలకు తొట్టి నిండుగా ఉండటం గొప్ప. ఇక్కడ కోలుకొన్న ప్రాణి వెళ్ళిపోయి తొట్టి ఖాళీ కావటమే గొప్ప.

ఇటువంటి కేంద్రాలకు వచ్చే రోగులలో సముద్రపు తాబేళ్ళు ముఖ్యమైనవి. పడవలు తగిలి పైడిప్ప పగిలినవి కొన్ని, గాలాలు మింగినవి కొన్ని, చర్మంపై కణుతులు పెరిగి చూపు మూసుకుపోయినవి కొన్ని. శీతకాలంలో నీటి ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతే తాబేళ్ళు చలికి కొయ్యబారి ఈదలేక నీటిపై తేలుతాయి. వాటిని క్రమంగా వెచ్చబరచి, మందులిచ్చి, బలం పుంజుకొన్న తరువాత సముద్రంలో విడిచిపెడతారు.

ఈ సంస్థకు విశ్వఖ్యాతి తెచ్చినది వింటర్ అనే డాల్ఫిన్. 2005 డిసెంబరులో ఫ్లోరిడా తూర్పుతీరంలోని మస్కిటో లగూన్ అనే ఉప్పుకయ్యలో, పీతల బోనుకు కట్టిన తాడులో చిక్కుకొని ఉన్న ఈ పసికూనను ఒక జాలరి గుర్తించాడు. అప్పటికి దాని వయస్సు కొన్ని నెలలు మాత్రమే. తాడు బిగుసుకొని రక్తప్రసారం ఆగిపోవటం వల్ల దాని తోక ఊడిపోయింది. డాల్ఫిన్‌కు తోకే చోదకశక్తి. తోకను పైకీ కిందికీ ఆడిస్తూ అది ముందుకు సాగుతుంది. తోక లేని వింటర్ చేపవలె శరీరాన్ని పక్కలకు వంచి ఈదటం నేర్చుకొన్నది. అయితే ఆ పద్ధతి దాని వెన్నెముకకు ప్రమాదకరమని వైద్యులు గ్రహించారు.

మనుష్యులకు కృత్రిమ అవయవాలు రూపొందించే కెవిన్ క్యారల్, డాన్ స్ట్రెంప్‌కా అనే నిపుణులు ఈ సమస్యను స్వీకరించారు. బిగించటానికి ఎముక ఆధారం లేదు. డాల్ఫిన్ చర్మమా అతి సుకుమారం. అందువల్ల చర్మానికి ఒరిపిడి కలగకుండా పట్టి ఉంచే మెత్తని జిగురుతొడుగును తయారుచేసి, దానిపై కృత్రిమమైన తోకను అమర్చారు. శిక్షకుల పర్యవేక్షణలో రోజూ కొంతసేపు దాన్ని ధరించి, వింటర్ సహజరీతిలో ఈదటం అభ్యసించింది. ఆ తొడుగు పదార్థం తరువాత కాళ్ళు కోల్పోయిన మనుష్యులకు కూడా ఉపకరించింది. ప్రాణిని రక్షించటానికి చేసిన యత్నం మానవునికే ఫలించిందన్న మాట. వింటర్ కథ ఆధారంగా 2011లో ‘డాల్ఫిన్ టేల్’ అనే చలనచిత్రం వెలువడింది. 2021 నవంబరులో పేగుల వ్యాధితో వింటర్ మరణించింది.

వింటర్‌ను ఎందుకు విడిచిపెట్టలేదు? గాయపడ్డ ప్రాణులనైనా బంధించి, రుసుము తీసుకొని చూపటం న్యాయమా? ఈ ప్రశ్నలు వేయవలసినవే. తోకలేని డాల్ఫిన్ సముద్రంలో బతకలేదు. 2010 డిసెంబరులో చనిపోయిన తల్లి పక్కన దొరికిన హోప్ అనే పసికూనకు అవయవలోపం లేకపోయినా, వేటాడటం నేర్పే తల్లి లేదు. డాల్ఫిన్ పిల్లలు కొన్ని సంవత్సరాలపాటు తల్లి వెంట తిరిగి జీవనవిద్య నేర్చుకొంటాయి. ఏ డాల్ఫిన్‌ను విడుదల చేయవచ్చునో నిర్ణయించేది కూడా ప్రభుత్వ సంస్థే గాని అక్వేరియం కాదు. సందర్శకులు చెల్లించే రుసుము చికిత్సలకు తోడ్పడుతుందన్నది నిజం. అయినా ఎంత శ్రద్ధగా పోషించినా కొలను సముద్రం కాజాలదన్నది కూడా నిజమే. ఒక తాడు హరించిన స్వేచ్ఛను మహావైద్యులు సైతం తిరిగి ఇవ్వలేకపోయారు. కనుక చికిత్సకన్నా నివారణే మేలు.

ఆ నివారణ మార్గం సముద్రతీరంలోనే బోధపడుతుంది. వేసవిలో లాగర్‌హెడ్ జాతి తాబేళ్ళు రాత్రివేళ ఈ తీరానికి వచ్చి, ఇసుకలో గొయ్యి తవ్వి సుమారు నూరు గుడ్లు పెడతాయి. దాదాపు రెండు నెలలకు పిల్లలు వెలువడి, సముద్రంపై ఉండే సహజకాంతిని బట్టి నీటివైపు పాకుతాయి. ఒడ్డున విద్యుద్దీపాలు వెలుగుతుంటే దారితప్పి నశిస్తాయి. అందుచేత రాత్రివేళ దీపాలు ఆర్పటం, పిల్లలు ఆటకై తవ్విన గోతులు పూడ్చటం, కుర్చీలను ఒడ్డున వదలకుండా తీసివేయటం అక్కడ విహారయాత్రికుల కర్తవ్యాలు. వీటికి ధనం అక్కరలేదు, పాండిత్యం అక్కరలేదు. ఇంటికి మరలే ముందు రెండు నిమిషాల శ్రద్ధ చాలు.

ఈ ధర్మం మనకూ వర్తిస్తుంది. ఆంధ్రతీరానికి శీతకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టటానికి వస్తాయి. అక్వేరియం వెలసిన 1972లోనే మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం రూపొందింది. ఈ తాబేళ్ళకు ఆ చట్టం రక్షణ కల్పిస్తున్నది. విశాఖపట్నం వంటి చోట్ల అటవీశాఖవారు, స్వచ్ఛంద కార్యకర్తలు గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లలను సముద్రంలో విడుస్తున్నారు. అయినప్పటికీ మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక మరణించిన తాబేళ్ళు ఒడ్డుకు కొట్టుకువస్తూనే ఉన్నాయి. వలలో చిక్కిన తాబేలు తప్పించుకుపోయే ద్వారం గల పరికరం ఉన్నది. దాన్ని అమర్చటం వల్ల కొంత వేట జారిపోతుందని జాలరులు భయపడతారు. వారి జీవనోపాధికి భంగం కలగకుండా ఆ భయాన్ని తీర్చటం ప్రభుత్వం, సమాజం కలిసి వహించవలసిన బాధ్యత.

విహారయాత్ర వినోదంతో పాటు వివేకాన్నీ ఇవ్వాలి. మనం ఒడ్డున విడిచిన తాడుముక్క, ప్లాస్టిక్ సంచి అలతో లోనికి పోయి ఏ ప్రాణి మెడకు చుట్టుకొంటుందో, ఏ ప్రాణి కడుపున చేరుతుందో చెప్పలేము. తెచ్చిన వస్తువులన్నీ తిరిగి తీసుకుపోయే కుటుంబం, ఏ కొలనూ కట్టకుండానే సాగరజీవులను రక్షించినట్లే.