పాత ఫ్రిజ్ పార్కింగ్‌లో పెట్టారా? ముందు తలుపు విప్పించండి

కొత్త ఫ్రిజ్ వచ్చింది. పాతది టెర్రస్ మీదకో, పార్కింగ్‌లో ఓ మూలకో చేరింది. 'తర్వాత ఇచ్చేద్దాంలే' అనుకుంటున్నారా? అది పోయేదాకా జాగ్రత్త తప్పనిసరి.

ప్రమాదం ఏమిటి?

దాగుడుమూతలాడే పిల్లలకు ఖాళీ ఫ్రిజ్ దాక్కునే చోటు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాలి ఆడనివ్వదు. లోపల అరిచినా బయటకు సరిగా వినిపించదు. ఇలాంటి మరణాల వల్లే, ఫ్రిజ్ తలుపు లోపలి నుంచీ తెరుచుకోవాలని అమెరికా 1956లో చట్టం చేసింది.

ఏం చేయాలి?

• ప్లగ్ తీసేసి, మెకానిక్‌తో తలుపులు విప్పించండి. కుదరకపోతే తలుపును గోడవైపు తిప్పి, తాడుతో గట్టిగా కట్టండి. టేపు ఒక్కటే చాలదు.
• లోపలి అరలు తీయొద్దు. అవి ఉంటే పిల్లలు దూరడం కష్టం.
• నిలువుగానే ఉంచండి. వెనుక గొట్టాలను వంచొద్దు, కోయొద్దు. చాలా కొత్త మోడళ్లలో ఉండే ఆర్-600ఏ గ్యాస్‌కు మండే గుణం ఉంది.
• వెనుక ట్రేలోని నీళ్లు పారబోయండి. డెంగీ దోమ పెరగడానికి ఆ కాసిని చాలు.
• మెట్లదారికి అడ్డంగా పెట్టొద్దు.

ఎవరికి ఇవ్వాలి?

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలోకి ఫ్రిజ్‌లూ వస్తాయి. కంపెనీ కస్టమర్ కేర్‌ను అడగండి. లేదా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన రీసైక్లర్‌కు ఇవ్వండి. రాగి కోసం గొట్టాలు కోసేవాళ్లకు ఇస్తే గ్యాస్ గాల్లో కలుస్తుంది.

బండి ఎప్పుడొచ్చినా సరే, తలుపు సంగతి మాత్రం ఈరోజే చూడండి.