ప్రాంగణ నియామకాలు

ప్రాంగణ నియామకాలు అనగా పెద్ద సంస్థలు కళాశాలలకే వచ్చి, చివరి సంవత్సరం విద్యార్థులను పరీక్షించి ఉద్యోగాలకు ఎంపిక చేసుకొనే పద్ధతి. వాడుకలో దీనిని క్యాంపస్ ఇంటర్వ్యూ, క్యాంపస్ ప్లేస్‌మెంట్ అని అంటారు. ఎంపిక కావడం, ఉద్యోగంలో చేరడం రెండు వేర్వేరు దశలు. ఈ రెంటి మధ్య అభ్యర్థి సంతకం చేసే పత్రాలే ఆ తరువాతి పని పరిస్థితులను చాలావరకు నిర్ణయిస్తాయి.

వేటపాలెం నేపథ్యం

వేటపాలెం బాపట్ల జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4కు ముందు ప్రకాశం జిల్లాలో ఉండేది. చేనేతకు, 1918లో స్థాపించబడిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి ఈ ఊరు ప్రసిద్ధి. మండలంలోని నాయునిపల్లిలోను, పక్కనే ఉన్న చీరాలలోను ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి.

ఈ ప్రాంతపు మగ్గం పనిలో ముఖాముఖి పరీక్ష గాని, నియామక పత్రం గాని ఉండవు. పిల్లలు పనిని ఇంట్లోనే నేర్చుకుంటారు. మాస్టర్ వీవర్ నూలు ఇచ్చి, నేసిన చీరకు మజూరీ చెల్లిస్తాడు. ముందుగా బయానా తీసుకున్న నేత కార్మికుడు ఆ బాకీ తీరేవరకు మరొకరికి నేయడం కష్టం. ఇక్కడ కట్టుబాటు నోటిమాట మీద నడుస్తుంది. పెద్ద సంస్థలలో అటువంటి కట్టుబాటే కాగితం మీద ఉంటుంది. అందువలన ఆ కాగితాన్ని చదివి అర్థం చేసుకోవడం మొదటి తరం ఉద్యోగార్థులకు చాలా అవసరం.

ఎంపిక విధానం

సాధారణంగా ఎంపిక ఈ క్రమంలో జరుగుతుంది:

1. అర్హత పరిశీలన: చాలా సంస్థలు పదవ తరగతి, ఇంటర్మీడియట్, బీటెక్ మూడింటిలోను 60 శాతం మార్కులు అడుగుతాయి.
2. కంప్యూటరుపై వ్రాతపరీక్ష: గణితం, తర్కం, ఆంగ్లం, ప్రోగ్రామింగ్.
3. సాంకేతిక ముఖాముఖి: చదివిన పాఠ్యాంశాలు, చేసిన ప్రాజెక్టుపై ప్రశ్నలు.
4. హెచ్.ఆర్. ముఖాముఖి: భాష, నడవడిక, ఏ ఊరికైనా, ఏ షిఫ్టుకైనా వెళ్ళగలరా అన్న ప్రశ్నలు.

ప్రాజెక్టును స్వయంగా చేయనివారు మూడవ దశలో సులభంగా దొరికిపోతారు. పేరున్న సంస్థలు ఎంపికకు అభ్యర్థుల నుండి రుసుము తీసుకోవు. డబ్బు అడిగేవారిని నమ్మరాదు.

జీతం లెక్క

ఆఫర్ లెటరులో కనిపించే వార్షిక మొత్తాన్ని సి.టి.సి. అంటారు. ఇది చేతికి వచ్చే జీతం కాదు. భవిష్యనిధికి యజమాని చెల్లించే వాటా, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే మొత్తం, బీమా వంటివి సాధారణంగా ఇందులో కలిసే ఉంటాయి. ఉద్యోగి వాటాగా మూల వేతనంలో 12 శాతం భవిష్యనిధికి పోతుంది. కాబట్టి సి.టి.సి.ని 12తో భాగిస్తే వచ్చే అంకె నెల జీతం కాదు.

చేరిక, శిక్షణ

ఎంపికైన వెంటనే చేర్చుకుంటారన్న నిశ్చయం లేదు. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ సంస్థ మైసూరు శిక్షణ కేంద్రంలో, మూడు ప్రయత్నాలలోను అంతర్గత పరీక్ష ఉత్తీర్ణులు కాని 300 మందికి పైగా శిక్షణార్థులను తొలగించింది. వీరిలో పలువురు 2022లో చదువు ముగించి, రెండేళ్ళు ఎదురుచూసి 2024లో చేరినవారు. అందువలన ఆఫర్ లెటరు వచ్చిన తరువాత కూడా ఇతర ప్రయత్నాలు మానరాదు.

సేవా ఒప్పందం

దీనిని బాండ్ అంటారు. నిర్ణీత కాలానికి ముందే మానివేస్తే ఇంత సొమ్ము చెల్లించాలన్నది దీని సారాంశం. 2025 మే 14న విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ళకు ముందే మానితే 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయితే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వ్రాసిన మొత్తాన్ని మించకుండా సముచితమైన పరిహారం మాత్రమే రాబట్టవచ్చు. బాండ్ అన్నంత మాత్రాన చెల్లదనుకోవడం, వ్రాసినదంతా చెల్లుతుందనుకోవడం రెండూ పొరపాట్లే.

పని పరిస్థితులు

సాఫ్ట్‌వేరు సంస్థలలో వారానికి అయిదు రోజుల పని సాధారణం. విదేశీ ఖాతాదారుల కాలమానాన్ని అనుసరించి రాత్రి షిఫ్టులు ఉండవచ్చు. ప్రాజెక్టు లేక ఖాళీగా ఉండే కాలాన్ని బెంచ్ అంటారు. ఇది ఎక్కువకాలం సాగితే ఉద్యోగ భద్రత తగ్గుతుంది. ఉద్యోగం మానదలచినవారు అనేక సంస్థలలో 90 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలి.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం కార్మికులందరికీ నియామక పత్రం ఇవ్వాలి. రాజీనామా చేసినా, తొలగించినా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాలలో చెల్లించాలి.

సంతకానికి ముందు చూడవలసినవి

చేతికి వచ్చే జీతం, బాండ్ కాలం, పరిహారపు మొత్తం, నోటీసు గడువు, శిక్షణలో తప్పితే ఏమగును, అసలు ధ్రువపత్రాలు అడుగుతున్నారా అన్న విషయాలను సంతకానికి ముందే లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. సంతకం చేసిన ప్రతి పత్రానికి ఒక నకలు తన వద్ద ఉంచుకోవాలి.

ఇవి కూడా చూడండి

వేటపాలెం
చీరాల
సారస్వత నికేతనం
చేనేత