అరుపు మందు కాదు

"చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు" అని మనవాళ్ళ సామెత. మా ఇంట్లో రెండేళ్ళపాటు ఆ శంఖం ఊదినవాణ్ణి నేనే. తాతయ్య "ఆఁ?" అన్నప్పుడల్లా గొంతు పెంచేవాణ్ణి. "ఎందుకురా అరుస్తావు? వినబడుతూనే ఉంది, తెలియడంలేదంతే" అని విసుక్కునేవారు. క్రమంగా ఆయన వీధి అరుగు మీద కూర్చోవడమే మానేశారు. కొన్న చెవి మిషను బీరువాలో పడి ఉంది.

ఆడియాలజిస్టు దగ్గరకు వెళ్ళాక తెలిసింది, తాతయ్య మాటే నిజమని. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలుంటాయి. మనుషుల్లో అవి నశిస్తే మళ్ళీ పుట్టవు. వయసుతోపాటు ముందుగా దెబ్బతినేవి హెచ్చుస్థాయి ధ్వనులను పట్టే కణాలు. అందుచేత అచ్చులు వినబడతాయి, హల్లులు జారిపోతాయి. పాలు, కాలు, తాలు మూడూ ఒకటిగానే తోస్తాయి. అరిస్తే అచ్చు పెద్దదవుతుందే గాని హల్లు తేటపడదు. పైగా చిన్న ధ్వని అందని ఆ చెవికే పెద్ద ధ్వని బాధ కలిగిస్తుంది.

నేటి డిజిటల్ మిషన్లు చిన్న ధ్వనిని ఎక్కువగా, పెద్ద ధ్వనిని తక్కువగా పెంచుతాయి. మిషను చాలనివారికి కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. అది పాడైన కణాలను దాటి శ్రవణనాడికే నేరుగా విద్యుత్ సంకేతాలు పంపుతుంది. అనేక ఎలక్ట్రోడులున్న ఇంప్లాంటును ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ బృందం 1978లో ఒక వయోజనునికి అమర్చింది.

అయితే కళ్ళజోడు పెట్టుకోగానే అక్షరం కనబడినట్లు, మిషను పెట్టుకోగానే మాట అర్థం కాదు. ఎన్నాళ్ళో మరచిన ఫ్యాను చప్పుడు, గిన్నెల మోత ఒక్కసారిగా మీద పడతాయి. మాటను వేరుచేసి పట్టడం మెదడు మళ్ళీ నేర్చుకోవాలి. దీనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మిషనుతోపాటు ఈ శిక్షణ, సలహా, ఇంటివారికి పాఠం కూడా చికిత్సలో భాగమే. తాతయ్య మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో రోజుకో గంట పెట్టుకున్నారు. పేపరు చదివి వినిపించడం నా పని.

అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ వయసున్న 977 మందిని మూడేళ్ళు పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద తేడా కనబడలేదు. కాని మతిమరుపు ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిలో, వినికిడి చికిత్స పొందినవారి మేధాశక్తి క్షీణించే వేగం దాదాపు సగానికి తగ్గింది.

మిత్రులారా! మన ఇళ్ళలో పెద్దలతో ఎదురుగా, ముఖం మీద వెలుతురు పడేలా నిలబడి, నిదానంగా మాట్లాడుదాం. అర్థంకాకపోతే అదే మాట అరవకుండా మరో మాటతో చెబుదాం. ముఖ్యంగా "ఏంలేదులే" అనవద్దు.

పెళ్ళి సందడిలో తాతయ్యకు ఇప్పటికీ సగం మాటలు అందవు. కాని సాయంత్రమయ్యేసరికి అరుగు మీద ఉంటున్నారు.