పని సాగుతోంది, పలకరింపు ఆగింది

2010లో షాంఘైలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ ఒక ప్రయోగం చేసింది. విమాన టికెట్లు, హోటల్ గదులు ఫోన్లో బుక్ చేసిపెట్టే కాల్ సెంటర్ ఉద్యోగుల్లో ఇంటి నుంచి పనిచేయడానికి ఇష్టపడినవాళ్లను ముందు ఎంచుకుంది. వాళ్లలో పుట్టినతేదీ సరిసంఖ్య అయినవాళ్లను వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచే చేయమంది, బేసిసంఖ్య వాళ్లను ఆఫీసులోనే ఉంచింది. తొమ్మిది నెలల తర్వాత స్టాన్‌ఫోర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం లెక్కలు తీస్తే, ఇంట్లో ఉన్నవాళ్ల పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. అయితే, ఇకపై మీ ఇష్టం అని కంపెనీ చెప్పగానే, ఇంటి నుంచి చేసినవాళ్లలో దాదాపు సగం మంది తిరిగి ఆఫీసుకే వచ్చేశారు. వాళ్లు చెప్పిన ముఖ్యమైన కారణం ఒంటరితనం.

పని బాగానే నడుస్తున్నా మనిషి ఒంటరి కావచ్చు. గాలప్ సంస్థ 2025లో ప్రచురించిన ప్రపంచవ్యాప్త నివేదిక కూడా ఇలాంటి తేడానే చూపిస్తుంది. పూర్తిగా ఇంటి నుంచి పనిచేసేవాళ్లలో 31 శాతం మంది పనిలో మనసుపెట్టి నిమగ్నమై ఉన్నారు. కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు అనే హైబ్రిడ్ పద్ధతిలో ఉన్నవాళ్లలో ఆ సంఖ్య 23 శాతమే. కానీ జీవితం బాగుందన్నవాళ్లు మొదటి వర్గంలో 36 శాతం, రెండో వర్గంలో 42 శాతం. అంటే ‘మా ఉద్యోగులు చురుగ్గా పనిచేస్తున్నారు’ అన్న సర్వే ఫలితం చూసి వాళ్లు బాగున్నారనుకోవడం తొందరపాటు. కంపెనీలు ఎక్కువగా కొలిచేది పనితో ఉన్న బంధాన్ని. మనుషులతో ఉన్న బంధం వేరు.

ఈ రెండూ ఎందుకు విడిపోతాయి? ఇంట్లో కూర్చుంటే పక్కసీటు కబుర్లు, ట్రాఫిక్ అలసట ఉండవు కాబట్టి ధ్యాస పనిమీదే నిలుస్తుంది. అదే సమయంలో పనికి సంబంధం లేని మాటలు పూర్తిగా రాలిపోతాయి. టీ దగ్గర నిలబడి ‘నాన్నగారి ఆపరేషన్ ఎలా జరిగింది?’ అని అడగడానికి ఎవరూ మీటింగ్ పెట్టరు కదా. తెరమీద ప్రతి మాటకూ ఒక కారణం ఉండాలి, ఒక సమయం ఉండాలి. ఆ కొద్దిపాటి పలకరింపులు పోయాయని మొదటి నెలల్లో తెలియదు. పాత పరిచయాల బలంతో రోజులు గడిచిపోతాయి.

ఆ పాత పరిచయాలు కూడా కుదించుకుపోతాయి. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2020 మొదటి ఆరు నెలల్లో అమెరికాలోని తమ ఉద్యోగులు 61 వేల మందికి పైగా ఎవరెవరితో ఎంత మాట్లాడుతున్నారో పరిశీలించారు. కరోనాతో అందరూ ఇంటికి చేరాక సొంత బృందంలో సంబంధాలు చిక్కబడ్డాయి, ఇతర బృందాలవాళ్లతో కలిసి పనిచేసే సమయం వాటా మాత్రం నాలుగో వంతు దాకా తగ్గింది. రోజూ మాట్లాడే నలుగురితోనే మాట్లాడుతూ ఉంటే, మిగతా కంపెనీ ఉందన్న స్పృహ పోతుంది.

నా దృష్టిలో దీనివల్ల ఎక్కువ నష్టపోయేది కొత్తగా చేరినవాళ్లు. పనిలో నిమగ్నత గురించి 1990లో రాసిన మనస్తత్వవేత్త విలియం కాన్ దానికి మూడు షరతులు చెప్పాడు: పనికి అర్థం కనిపించాలి, భయం లేకుండా ఉండగలగాలి, శరీరంలోనూ మనసులోనూ అందుకు శక్తి ఉండాలి. రెండోది ఫ్రెషర్‌కు ప్రాణం. పక్కనే సీనియర్ ఉంటే కుర్చీ కాస్త జరిపి, ‘అన్నా, ఇక్కడ ఎర్రర్ వస్తోంది, ఒకసారి చూస్తావా’ అని అడగొచ్చు. అదే మెసేజ్‌గా పంపాలంటే పది ఆలోచనలు. ఇంత చిన్న విషయమా అనుకుంటారేమో, బిజీగా ఉన్నారేమో, గ్రూపులో పెడితే మేనేజర్ చూస్తారేమో. చివరికి అడగకుండానే రాత్రి దాకా తంటాలు పడతారు. కెమెరా ఆపేసిన మీటింగ్‌లో ఆ ముఖం ఎవరికి కనిపిస్తుంది?

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక హైదరాబాద్, బెంగళూరు హాస్టళ్లు ఖాళీ చేసి సొంతూళ్లకు వెళ్లిన మన ఐటీ ఉద్యోగులకు ఇంకో రకం చిక్కు ఎదురైంది. ఇంటినిండా జనం. అమ్మ చేతి వంట. అయినా వాళ్ల పని కష్టం తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. అమెరికా టీమ్‌తో రాత్రి కాల్స్ ముగించి పగలు పడుకుంటే, ఇంట్లోనే ఉంటున్నాడు కదా అని చుట్టాలు పనులు పురమాయిస్తారు. పెళ్లయిన ఆడవాళ్లకైతే ల్యాప్‌టాప్ పక్కనే వంటిల్లు కూడా ఉద్యోగమే. చుట్టూ మనుషులున్నా ఒంటరితనం ఉండగలదని ఇంటి పెద్దలు గ్రహిస్తే సగం భారం తగ్గుతుంది.

అలాగని ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మనడం మందు కాదు. పసిపిల్లల తల్లులకు, వికలాంగులకు, మంచానపడ్డ తల్లిదండ్రులున్నవాళ్లకు ఇంటి నుంచి పని ఉంటేనే ఉద్యోగం నిలుస్తుంది. ఆ సీట్రిప్ కంపెనీయే తర్వాత ట్రిప్ డాట్ కామ్‌గా పేరు మార్చుకుని, 1,612 మంది ఉద్యోగులతో మరో ప్రయోగం చేసింది. ఈసారి ఇంటి నుంచి రెండు రోజులే. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం పనితీరు, ప్రమోషన్లు ఏమాత్రం దెబ్బతినలేదు, ఉద్యోగం వదిలేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బృందమంతా ఒకే రోజుల్లో రావాలి. మాదాపూర్ దాకా వెళ్లి, ఖాళీ సీట్ల మధ్య కూర్చుని మళ్లీ వీడియో కాల్‌లోనే మాట్లాడుకోవాల్సి వస్తే ఆ ప్రయాణం వృథా.

మీరు టీమ్ లీడ్ అయితే, మీ దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికో అమ్మాయికో ఈ వారంలోనే ఫోన్ చేయండి. పని సంగతి ఎత్తకండి. ఎలా ఉన్నావని అడిగి, చెప్పేది పూర్తయ్యేదాకా వినండి.