మీకు తెలుసా? బజ్జీ పిండిలో బీరు!

పాలకుర్తిలో మిర్చిబజ్జీ పిండిని గుల్లగా చేసేది చిటికెడు వంటసోడా. ఇంగ్లండులో చేపముక్కల పూతకు ఆ పని బీరు చేస్తుంది. అందులోని కార్బన్ డయాక్సైడ్ వేడి నూనెలో బుడగలవుతుంది, నురగ వాటిని కాసేపు పగలనీయదు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి పూత త్వరగా ఆరి కరకరలాడుతుంది. పూతలోని మైదాలో గ్లూటెన్ బిగుసుకోకుండానూ ఆల్కహాల్ అడ్డుపడుతుంది. మన శనగపిండికి ఆ బెడదే లేదు, గ్లూటెన్ ఉంటేగా! కప్పు మైదాకు సుమారు కప్పు చల్లటి బీరు, అదీ వేయించే ముందే కలపాలి. చిన్న ఉండలు మిగిలినా ఫర్వాలేదు. నూనె వేడి 180 డిగ్రీలు. బీరులోలాగే మన తాటికల్లులోనూ కార్బన్ డయాక్సైడూ, ఆల్కహాలూ రెండూ ఉంటాయి. అన్నట్టు, వేయిస్తే ఆల్కహాల్ పూర్తిగా పోదు, కొంత మిగులుతుంది. పిల్లలకైతే చల్లటి సోడా నీళ్లతో కలపండి.