విద్యుత్పరిషత్తులు – మన యాడపిల్లలు

మన యిండ్లలో నేడు విద్యుచ్ఛక్తి చేయని పని లేదనవచ్చును. పిండి రుబ్బుట, బట్టలుదుకుట, నీరు తోడుట, పంకా త్రిప్పుట – ఇవన్నియు దాని సేవలే. అయితే తీగెవెంట మన యింటికి వచ్చు విద్యుత్తు ఒక్కతీరుననే వచ్చును. మన పనులు పలుతీరులు. పంకా యొకప్పుడు మెల్లగాను, ఒకప్పుడు వడిగాను తిరుగవలెను. బట్టలుదుకు యంత్రము కొంతసే పటునిటు మెదలి, పిమ్మట నీరు పిండుటకై గిర్రున తిరుగవలెను. విద్యుత్తుతో నడచు స్కూటరు మిట్ట యెక్కునపుడు బలము చూపవలెను, సందు మలుపున అణగి నడువవలెను. విద్యుత్తును మనకు వలసిన రూపమునకు, వలసిన పాళమునకు మార్చియిచ్చు విద్యకు పవర్ ఎలెక్ట్రానిక్సు అని పేరు. ఆ విద్యుత్తుతో మోటారు వేగమును, బలమును అదుపులో నుంచు విద్యకు మోషన్ కంట్రోలు, అనగా చలన నియంత్రణము, అని పేరు.

ఈ విద్యలయందు కృషిచేయువారు దేశదేశములనుండి వచ్చి, తాము క్రొత్తగా కనుగొన్నదానిని ఒకరికొకరు తెలుపుకొను పరిషత్తులు కలవు. వానిలో నొకటి 1970వ సంవత్సరమున హంగరీ రాజధానియగు బుడాపెస్టులో ఆరంభమైనది. అది 2018లో మరల ఆ నగరముననే కూడెను. 2024లో చెక్ దేశమందలి పిల్సెన్ పట్టణమున జరిగెను. మన దేశమునను ఇట్టి పరిషత్తు 1996లో న్యూఢిల్లీయందును, 2018లో చెన్నపట్టణమునందును జరిగినది. కావున ఇది సముద్రములు దాటినవారికే దక్కు భాగ్యము కాదు.

మన యాడపిల్లలు పెక్కుమంది ఇంజనీరింగు కళాశాలలలో చదువుచున్నారు. చదువు తుదను ప్రతివారును ఏదో యొక పరిశోధనమో, ప్రాజెక్టో చేయుదురు. అందు మంచిది కొంత యుండకపోదు. అయినను పరీక్ష ముగియగానే ఆ పని అట్టలు వేయించుకొని అలమారు చేరుచున్నది. లేదా, పని యామెది, సభలో మాటలాడుట మరియొకరిది యగుచున్నది. చేసిన పనిని తన పేరనే వ్రాసి, పరాయివారి పరీక్షకు పంపి, సభలో తానే నిలిచి చెప్పుట ప్రతి విద్యార్థినికిని అత్యవసరమని తెలుపుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ఇంగ్లండులో హెర్తా ఐర్టన్ అను నామె విద్యుద్దీపముల వెలుగును గూర్చి గొప్ప కృషి చేసెను. ఆ కాలపు ఆర్కు దీపములు వెలుగుచు బుసకొట్టుచుండెడివి. అందులకు కారణము నామె కనిపెట్టి, 1899లో లండనునందలి విద్యుత్ ఇంజనీర్ల సంఘములో తన వ్యాసమును తానే చదివెను. అచట స్వయముగా వ్యాసము చదివిన ప్రథమ స్త్రీ యామెయే. కాని 1901లో రాయల్ సొసైటీకి పంపిన వ్యాసమును మరియొక పురుషుడు చదువవలసి వచ్చెను. ఏలయన, స్త్రీలు చదువుటకు వీలు లేకుండెను. 1902లో ఆమెను సభ్యురాలిగా చేర్పుడని కొందరు ప్రతిపాదింపగా, వివాహితయన్న కారణమున త్రోసివేసిరి. అయినను ఆమె పని మానలేదు. 1904లో అదే సొసైటీలో తన వ్యాసమును తానే చదివెను. అట్లు చదివిన స్త్రీలలో మొదటిదయ్యెను.

అమెరికాలో ఎడిత్ క్లార్కు అను నామె 1883లో జన్మించి, పండ్రెండేండ్ల ప్రాయమునకే తలిదండ్రుల నిరువురను కోల్పోయెను. సంక్రమించిన ధనమును చదువునకే వెచ్చించి, 1919లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున విద్యుచ్ఛాఖయందు ఉన్నత పట్టము పొందెను. అచట నా శాఖలో నా పట్టము నందిన తొలి స్త్రీ యామె. అయినను ఇంజనీరు పని యెవరును ఈయలేదు. లెక్కలు వేయు పని మాత్రమే దొరకెను. 1922లో గాని ఇంజనీరు పదవి లభింపలేదు. 1926లో అమెరికా విద్యుత్ ఇంజనీర్ల సంఘపు వార్షిక సభలో ఆమె తన వ్యాసమును సమర్పించెను. అంతకుముందు ఏ స్త్రీయు అచట వ్యాసము సమర్పించి యుండలేదు.

ఆమె పేరనున్న గణితమొకటి నేటికిని మోటారులను నడుపువారికి నిత్యోపయోగముగా నున్నది. మోటారునకు మూడు తీగెలలో విద్యుత్తు పోవుచుండును. వాని హెచ్చుతగ్గుల మొత్తము సున్నయగును. మూడు కుండలలోని నీటి మొత్తము ముందే తెలిసినచో, రెండు కుండలు కొలిచిన చాలును గదా! అట్లే మూడు ప్రవాహములను రెండు రాశులుగా మార్చి లెక్కించు విధానమునకు క్లార్కు పరివర్తనమని పేరు. విద్యుద్వాహనపు మోటారులలో ఈ లెక్క సెకనునకు వేలమారులు జరుగుచుండును. ఆమె తన లెక్కలను బల్ల సొరుగులో దాచుకొనియుండిన ఈ యుపకారము లోకమునకు కలుగునా?

ఇక వ్యాసము పంపు విధానము. ఏయే విషయములపై వ్యాసములు కావలెనో, ఏ తేదీలోగా పంపవలెనో పరిషత్తువారు ముందుగా ప్రకటింతురు. కొందరు మొదట సంగ్రహమును, కొందరు పూర్తి వ్యాసమునే కోరుదురు. అందు నాలుగు సంగతులు స్పష్టముగా నుండవలెను: తీర్పదలచిన చిక్కు ఏది, పూర్వులు దానికి ఏమి చేసిరి, తాను క్రొత్తగా చేసినదేమి, అది నిజమనుటకు కొలత యేది. కంప్యూటరులో వేసిన లెక్కతోపాటు, ప్రయోగశాలలో యంత్రమును కట్టి కొలిచిన ఫలితమును చూపినచో ఆ వ్యాసమునకు బలము హెచ్చు.

వచ్చిన వ్యాసమును ఆ విద్య నెరిగిన పరీక్షకులు చదివి, అంగీకరింతురు, దిద్దుమందురు, లేదా త్రిప్పి పంపుదురు. త్రిప్పి పంపినచో పిల్లలు కుమిలిపోకూడదు. కూర రుచి చూచి ఉప్పు చాలదన్నవారు వండినయామెను నిందించినట్లు కాదు. వారు చూపిన లోపమును దిద్దుకొని మరియొక సభకు పంపవచ్చును. కాని ఒకే వ్యాసమును ఏకకాలమున రెండు సభలకు పంపుట తప్పు. పరుల వాక్యములను తమవిగా వ్రాసికొనుట చౌర్యమే. పని చేసినవారి పేర్లన్నియు నుండవలెను. చేయనివారి పేరు గౌరవార్థమైనను చేర్చరాదు.

మరియొక హెచ్చరిక. కొందరు వంచకులు గొప్ప పేర్లు పెట్టి, పరీక్షింపకయే వ్యాసములను అంగీకరించి, సొమ్ము వసూలు చేయుచుందురు. మూడునాళ్లలో అంగీకారము, నాలుగవనాడు రుసుము కోరు జాబు వచ్చినచో అనుమానింపవలెను. ఆ సభను ఏ ప్రసిద్ధ సంఘము నడుపుచున్నది, ఇంతకుముందు ఎచ్చట జరిగినది, అందలి వ్యాసములు ఎచ్చట ప్రకటింపబడినవి అని గురువుల నడిగి తెలిసికొనిన పిమ్మటనే ధనము చెల్లింపవలెను.

ఇంతవరకు పిల్లల పని. ఇక తల్లులమైన మన పని. పెక్కు పరిషత్తులలో, వ్యాసకర్తలలో ఒకరైనను స్వయముగా వచ్చి సమర్పింపనిచో ఆ వ్యాసమును ప్రకటింపరు. పిల్ల రేయింబవళ్లు శ్రమించి అంగీకారము సంపాదించిన పిమ్మట, "ఒంటరిగా అంత దూర మేల? నీతోడి పిల్లవాడు చదువునులే" అని మనము ఆపినచో ఆమె శ్రమ యేమగును? సభలోని పెద్దల ప్రశ్నలు అతనికే. వారి పరిచయము అతనికే. రేపటి యుద్యోగమును బహుశః అతనికే. ఐర్టన్ గారిని 1901లో ఒక సంఘపు నియమము ఆపినది. నేడట్టి నియమము లేనిచోట మనమే యడ్డుగోడలమగుట న్యాయమా?

మన తెలుగు కుటుంబములోనే ఇందుకు మంచి నిదర్శనము కలదు. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో చెన్నపట్టణమున జన్మించి, పదునైదవయేట వివాహితయై, పదునెనిమిదవయేట నాలుగు మాసముల బిడ్డతో వైధవ్యము పొందిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన కూతును 1940లో ఆ కళాశాలలోనే చేర్పించిరి. బిడ్డ పోషణమునకు బంధువులు తోడుపడిరి. ఆమె భారతదేశపు తొలి మహిళా విద్యుత్ ఇంజనీరై, కలకత్తాలో నొక కంపెనీయందు పనిచేయుచు, భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలో పాల్గొనిరి. 1964లో న్యూయార్కులో స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ మహాసభ జరిగినప్పుడు ఆమెకు ఆహ్వానము వచ్చెను, ఆమె వెళ్లిరి. ఆ ప్రయాణమునకు దారి పరచినది మొదట ఇల్లే.

సోదరీమణులారా! మీ యింటి పిల్ల విద్యుద్విద్య చదువుచున్నచో, నీవు చేసిన పని యేమని యొకసారి అడుగుడు. మీకు తెలియు మాటలలో చెప్పుమనుడు. మనకు తెలియునట్లు చెప్పగలిగినచో సభవారికిని చెప్పగలదు. వ్యాసము పంపవలసిన తేదీని ఇంటి క్యాలెండరుపై పెండ్లి ముహూర్తమువలె గుర్తుపెట్టుడు. ఆ దినములలో ఆమెకు ఇంటిపని తగ్గింపుడు. విద్యార్థులకు రుసుము తగ్గించు పరిషత్తులు కలవు. కళాశాలనుండి సాయమును అడిగింపుడు. అంగీకారము వచ్చిననాడు పెట్టె సర్ది, దీవించి పంపుడు. ఆమె వ్యాసము ఆమె కంఠమునుండియే సభకు వినబడవలెను.