బొట్టు బొట్టుగా సృష్టి వైభవం

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట నుండి 1971లో తొలి రాకెట్ నింగికెగసింది. నాటి నుండి మన తీరంలోని పిల్లల చూపులు ఆకాశం వైపే. సెలవుల్లో వారిని ఒకసారి నేల లోపలికీ తీసుకువెళ్లండి. భూమిపై సంచరించి సృష్టిని పరిశీలించమన్నది దివ్య ఖుర్‌ఆన్ బోధనే కదా!

రాయలసీమలో, కొలిమిగుండ్ల మండలంలో బెలూం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని ప్రస్తావించాడు. దాదాపు వందేళ్ల తర్వాత జర్మన్ పరిశోధకులు లోపలంతా కొలిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. సందర్శకులకు అనుమతి దాదాపు కిలోమీటరున్నర వరకే.

వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నపురాతిని మెల్లగా కరిగిస్తుంది. ఆ నీరే గుహ కప్పు నుండి బొట్టుగా జారేటప్పుడు వాయువు విడిపోయి, పలుచని సున్నపు పొర మిగులుతుంది. అలా వేలాడే రాతి ఊడ కొద్ది సెంటీమీటర్లు పెరగడానికి వెయ్యేళ్లు పట్టవచ్చు.

ఇక్కడి సప్తస్వరాల గుహలో తడితే మ్రోగే రాళ్లున్నాయి. పిల్లల చేతులు ఊరుకోవు. తల్లిదండ్రుల శిక్షణకు అదే పరీక్ష. చేతి జిడ్డు అంటినా ఆ రాతి పెరుగుదల ఆగిపోవచ్చు. విరిగితే మన మనవల కాలానికీ తిరిగి రాదు.

జుమా నాడు సూరా కహఫ్ పఠించే ఇళ్లకు గుహ కొత్త కాదు. విశ్వాసాన్ని కాపాడుకోదలచిన యువకులకు అల్లాహ్ ఆశ్రయమిచ్చిన చోటది. ఈ గుహ మాత్రం మన సంరక్షణ కోరుతోంది. ఇది మనకప్పగించిన అమానత్. కళ్లారా చూద్దాం, సుబ్‌హానల్లాహ్ అందాం, చేయి వేయకుండా తిరిగి వద్దాం.